సంధి ఎక్కడ విడదీయాలి?

మా తమ్ముడి రక్తపరీక్ష కాగితంలో ఒక పేరు కనిపించింది: సి-పెప్టైడ్. ఆ పేరు మా ఇంట్లో ఎవరమూ అంతకుముందు విని ఎరగం. కాదు, ఒకరు వినే ఉన్నారు, మా అమ్మాయి. దానికి అది రోజూ వాడుకునే మాటేనట. ఆ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది.

మా తమ్ముడిది హిందూపురం. ఇంట్లో నేను పెద్ద, వాడు ఆఖరివాడు. నలభై మూడో ఏట వాడికి చక్కెర జబ్బు బయటపడింది. మా నాన్నగారికి ఉండేది, పెదనాన్నకు ఉండేది, వాడికి కాస్త బొజ్జ ఉంది, కూర్చుని చేసే వ్యాపారం. ఇంకేం కావాలి? అక్కడ చూసిన డాక్టరుగారూ, మేమూ, ఇరుగుపొరుగూ అందరం ఒకే మాట అనుకున్నాం: వంశంలో ఉన్నదే, నాలుగేళ్ళు ముందొచ్చింది. మాత్రలు మొదలుపెట్టాడు. పద్నాలుగు నెలలు వాడాడు. ఒక మాత్ర రెండయింది, రెండు మూడయ్యాయి. చక్కెర దిగలేదు గాని మనిషి దిగిపోయాడు. బొజ్జ తగ్గిందని మొదట్లో సంతోషించాం కూడా. నేనైతే ఫోను చేసినప్పుడల్లా, "ఉగాదికి ఎన్ని ఓళిగలు తిన్నావురా? నిజం చెప్పు" అని నిలదీసేదాన్ని. "ఒకటి కూడా తినలేదక్కా" అంటే నమ్మేదాన్ని కాదు. ఆ మాట ఇవాళ రాస్తుంటే సిగ్గుగా ఉంది.

చివరికి బెంగుళూరు పిలిపించి వేరే డాక్టరుగారికి చూపించాం. ఆయన వాడి మొహం చూసి, బెల్టుకు కొత్తగా పొడిచిన చిల్లులు చూసి, రెండు పరీక్షలు రాశారు. అందులో ఒకటి ఈ సి-పెప్టైడ్. ఫలితం చాలా తక్కువ వచ్చింది. క్లోమగ్రంథిలో ఇన్సులిన్ చేసే కణాల మీద శరీరమే దాడి చేస్తోందని రెండో పరీక్షలో తేలింది. పిల్లల్లో ఎక్కువగా కనిపించే ఈ రకం, పెద్దవాళ్ళలో ఇలా మెల్లగా కూడా వస్తుందట. ఆ రోజే ఇన్సులిన్ సూది మొదలుపెట్టారు.

మత్తికెరెలోని మా ఇంటికి తిరిగొస్తూ ఆటోలో వాడడిగాడు: "అక్కా, ఒంట్లో ఇన్సులిన్ ఉందా లేదా అని చూసేదానికి ఇన్సులినే చూడొచ్చు కదా. ఈ సి-పెప్టైడ్ ఎందుకంట?"

నాకు తెలిస్తే కదా! "ఇంటికి పోయినాక నీ మేనకోడల్ని అడుగు" అన్నాను.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్పాలి. నేను చదివింది తెలుగు ఎం.ఏ., చేసింది బ్యాంకు ఉద్యోగం. మా అమ్మాయి చదివింది బయోఇన్ఫర్మాటిక్స్, అంటే జీవశాస్త్రపు లెక్కలు కంప్యూటరు మీద కట్టే విద్య. ఎవరైనా అడిగితే "కంప్యూటర్లో చేస్తుంది" అని ఊరుకునేదాన్ని. ఈ ఊళ్ళో ఆ జవాబు చాలు, రెండో ప్రశ్న ఎవరూ వెయ్యరు. అది నిజంగా చేసే పనేమిటంటే, ప్రొటియేజులనే ఎంజైములు ఒక ప్రొటీనును ఎక్కడెక్కడ కోస్తాయో ముందుగా లెక్కగట్టి చెప్పే ప్రోగ్రాములు రాయడం. మూడేళ్ళుగా అదే పని చేస్తోందట. మూడేళ్ళలో ఒక్కసారీ నేను అడిగిన పాపాన పోలేదు.

ఆ సాయంత్రం నేను వంటింట్లో మాంసం కూరకు పచ్చి బొప్పాయి ముక్క నూరుతున్నాను. మన పక్క ముదురు మాంసం మెత్తబడాలంటే అందరూ చేసే పనే. అది చూసి మా అమ్మాయి, "మామయ్య ప్రశ్నకు జవాబు నీ రోట్లోనే ఉందమ్మా" అంది. పచ్చి బొప్పాయి పాలలో పపైన్ అనే ఎంజైము ఉంటుంది. అది మాంసంలోని ప్రొటీను గొలుసులను ముక్కలు చేస్తుంది. ప్రొటీనులను కోసే ఎంజైములన్నిటికీ కలిపి ప్రొటియేజులని పేరు. మన ఒంట్లో ఐదు వందలకు పైగా రకాలున్నాయి. తిన్న పప్పు అరగాలన్నా, తెగిన వేలిమీద నెత్తురు గడ్డకట్టాలన్నా వీటిలో ఏదో ఒకటి పని చెయ్యాలి.

అన్నట్టు, ఈ బొప్పాయి పాలకు మన బెంగుళూరులో ఒక చరిత్ర ఉంది. 1978లో కిరణ్ మజుందార్ ఈ ఊళ్ళో ఒక అద్దె ఇంటి గ్యారేజీలో పదివేల రూపాయల పెట్టుబడితో బయోకాన్ మొదలుపెట్టినప్పుడు తయారుచేసినవి రెండే రెండు సరుకులు. ఒకటి చేపల నుంచి తీసే ఐసింగ్లాస్, రెండోది బొప్పాయి నుంచి తీసే ఈ పపైనే. బీరు తేటపడడానికి విదేశాల్లో వాడేవారు. అదే కంపెనీ 2004లో ఈస్టులో పెంచిన మానవ ఇన్సులిన్‌ను మార్కెట్లోకి తెచ్చింది. బొప్పాయి పాల నుంచి ఇన్సులిన్‌కు రావడం పెద్ద గంతులా కనిపిస్తుంది గాని రెండింటిలోనూ కోతలున్నాయి. ఈస్టులో తయారయ్యే ఇన్సులిన్ ముందు ఒకే పొడుగాటి గొలుసుగా వస్తుంది, దాన్ని ట్రిప్సిన్ వంటి ప్రొటియేజుతో సరైన చోట కోసుకోవడం ఈ పరిశ్రమలో వాడుకలో ఉన్న పద్ధతి.

సరైన చోట. చిక్కంతా ఆ రెండు మాటల్లోనే ఉంది.

ప్రొటీను అంటే అమైనో ఆమ్లాలు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని నిలబడిన వరస. మొత్తం ఇరవై రకాలు. ఒక్కోదానికి ఒక్కో ఇంగ్లీషు అక్షరం గుర్తుగా పెట్టారు. అంటే ప్రొటీను అనేది ఇరవై అక్షరాలతో, మధ్యలో ఎక్కడా ఖాళీ వదలకుండా రాసిన పొడుగాటి మాట. మన పాత తాళపత్రాల్లో పదానికీ పదానికీ మధ్య ఖాళీ ఉండదు, చదివేవాడే విడదీసుకోవాలి. ఈ పోలిక చెప్పగానే మా అమ్మాయి, "నువ్వు నాకు చిన్నప్పుడు నేర్పిన సంధులే అమ్మా ఇవి. ఎక్కడ విడదీయాలన్నదే ప్రశ్న" అంది.

అప్పుడు నాకు ఉత్సాహం వచ్చింది. సంధులంటే నా సొంత పొలం కదా! రాముడు, అతడు కలిస్తే రాముడతడు అవుతుంది. కలిసేటప్పుడు మధ్యనున్న ఉకారం పోతుంది. విడదీస్తే మళ్ళీ వస్తుంది. ప్రొటీనులోనూ అంతేనట. రెండు అమైనో ఆమ్లాలు కలిసేటప్పుడు ఒక నీటి అణువు పోతుంది. ప్రొటియేజు ఆ అతుకును విడదీసేటప్పుడు ఒక నీటి అణువును తిరిగి అక్కడ చేరుస్తుంది. ఇంత చక్కగా కుదిరిన పోలిక నాకు ముప్ఫై ఏళ్ళ బ్యాంకు ఉద్యోగంలో తారసపడలేదు.

మర్నాడు పొద్దున మా అమ్మాయి ఒక కాగితం అచ్చు తీసి, పెన్సిలు ఇచ్చి నన్ను కూర్చోబెట్టింది. ఇన్సులిన్ తొలిరూపం, 110 అక్షరాలు. మొదటి 24 అక్షరాలు చిరునామా చీటీ లాంటివి. కణంలో ఈ సరుకు ఏ గదికి పోవాలో చెప్పి ఊడిపోతాయి. మిగిలిన 86 అక్షరాల గొలుసును ప్రోఇన్సులిన్ అంటారు. 1967లో షికాగోలో డొనాల్డ్ స్టైనర్ దీన్ని కనిపెట్టాడు. అంతకుముందు ఇన్సులిన్‌లోని రెండు గొలుసులు విడివిడిగా తయారై తర్వాత కలుస్తాయేమో అనుకునేవారట.

"ట్రిప్సిన్ అనే ప్రొటియేజు నియమం చాలా సులువు" అంది మా అమ్మాయి. "కె అక్షరం గాని ఆర్ అక్షరం గాని కనిపిస్తే దాని తర్వాత కోస్తుంది. పక్కన పి ఉంటే మాత్రం సాధారణంగా కొయ్యదు." కె అంటే లైసిన్, ఆర్ అంటే ఆర్జినిన్, పి అంటే ప్రోలిన్. కళ్ళజోడు పెట్టుకుని 86 అక్షరాలూ వేలు పెట్టి చదివాను. మొదటి గీత ఇరవై రెండో అక్షరం తర్వాత పడింది, రెండోది ఇరవై తొమ్మిదో దాని తర్వాత. కొంచెం ముందుకెళ్తే రెండు ఆర్‌లు పక్కపక్కనే ఉన్నాయి, అక్కడ రెండు గీతలు. చాలా దూరం ఏమీ లేదు. ఆ తర్వాత కె, ఆర్ జంటగా వచ్చాయి, మరో రెండు. మొత్తం ఆరు. నేను మొదట ఏడు గీశాను, ఒకచోట హెచ్‌ను చూసి కె అనుకున్నాను. కంప్యూటరు అలాంటి పొరపాటు చెయ్యదు. వేరే రకం పొరపాట్లు చేస్తుంది, ఆ సంగతికి తర్వాత వస్తాను.

నేను గీసిన ఆరు గీతల్లో మొదటి రెండూ ఇన్సులిన్ కడుపులోనే పడ్డాయి. ఆ రెండుచోట్లా కోస్తే ఇన్సులిన్ పనికిరాదు. మన పేగుల్లో ట్రిప్సిన్ ఉంది, కడుపులో పెప్సిన్ ఉంది, ఇంకా ఉన్నాయి. ఇన్సులిన్‌ను మామూలు మాత్రలా మింగితే పప్పులో ప్రొటీనుకు పట్టిన గతే దానికీ పడుతుంది. సూది ఎందుకంటే ఇందుకు. మా తమ్ముడు సూది మొదలుపెట్టిన వారంలో నాలుగుసార్లు అడిగిన ప్రశ్న ఇది. పెన్సిలు గీతలు చూపించాక మళ్ళీ అడగలేదు.

క్లోమంలో పనిచేసే కత్తెరలు వేరు. అవి ఒంటరి ఆర్‌ను, ఒంటరి కె‌ను వదిలేసి, అలాంటివి రెండు పక్కపక్కన ఉన్న చోటే కోస్తాయి. ఆ నియమంతో మళ్ళీ చదివితే 86 అక్షరాల్లో రెండే చోట్లు దొరుకుతాయి. అక్కడ కోసి, అంచుల్లో మిగిలిన ఆ జంట అక్షరాలు నాలుగూ కత్తిరించేస్తే, ఒకవైపు 30 అక్షరాల గొలుసు, ఇంకోవైపు 21 అక్షరాల గొలుసు. ఈ రెండూ గంధకపు బంధాలతో ముడిపడి ఇన్సులిన్ అవుతాయి. మధ్యలో ఉన్న 31 అక్షరాల ముక్క బయటపడుతుంది. అదే సి-పెప్టైడ్! మా తమ్ముడి ప్రశ్నకు జవాబు అదీ. ఒక ఇన్సులిన్ తయారైతే ఒక సి-పెప్టైడ్ తప్పకుండా బయటికి వస్తుంది. ఇన్సులిన్‌లో చాలా భాగాన్ని కాలేయం తీసేసుకుంటుంది, మిగిలింది నెత్తురులో కొద్ది నిమిషాలే ఉంటుంది. సి-పెప్టైడ్ అంతకంటే ఎక్కువసేపు నిలుస్తుంది. పైగా సూదిమందులో అది ఉండదు. కాబట్టి మనిషి ఇన్సులిన్ సూది వేసుకుంటున్నా సరే, సొంత క్లోమం ఎంత చేస్తోందో ఈ ముక్కను కొలిచి చెప్పవచ్చు. పీచు రాలిందంటే కొబ్బరికాయ ఒలిచినట్టే కదా, అలా.

ఆ రెండో కోత దగ్గర ఒక్క అక్షరం మారినా ఏమవుతుందో కూడా చూశారు. ఆర్జినిన్ ఉండవలసిన చోట హిస్టిడిన్ పడిన కుటుంబాలు కొన్ని బయటపడ్డాయి. వాళ్ళ నెత్తురులో సగం కోసిన ప్రోఇన్సులిన్ పేరుకుని ఉంది. కత్తెర వచ్చింది, గుర్తు కనిపించలేదు, వెళ్ళిపోయింది.

ఇంతవరకూ కంప్యూటరు అవసరం రాలేదు. పెన్సిలు చాలింది. చిక్కెక్కడంటే, ఐదు వందల పైచిలుకు ప్రొటియేజుల్లో ట్రిప్సిన్ అంత నిక్కచ్చివి తక్కువ. మన వ్యాకరణంలో ఉకార సంధి నిత్యం, తప్పకుండా జరుగుతుంది. ఇకార సంధి చాలా చోట్ల వైకల్పికం, ఏమంటివి అనవచ్చు, ఏమియంటివి అనవచ్చు. అకార సంధి బహుళం. ఒకచోట జరుగుతుంది, ఒకచోట జరగదు, ఒకచోట రెండూ ఒప్పే. ప్రొటియేజుల్లో ఎక్కువ భాగం ఈ బహుళం బాపతు.

వీటికి నియమం రాయడం ఎలా? మొదట కావలసింది కోతల చుట్టూ ఉన్న అక్షరాలకు ఒక లెక్కపెట్టే పద్ధతి. 1967లో ఇజ్రాయెల్‌లో షెక్టర్, బెర్గర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు దాన్ని ఏర్పరిచారు. కోతకు ఎడమవైపు ఒకటి, రెండు, మూడు, కుడివైపు ఒకటి, రెండు, మూడు అని. ప్రొటియేజు నోట్లో ఏడు అరలు ఉంటాయనీ, ఒక్కో అరలో ఒక్కో అమైనో ఆమ్లం కూర్చుంటుందనీ వాళ్ళు తేల్చారు. ఆ పని వాళ్ళు ఏ ఎంజైము మీద చేశారనుకున్నారు? పపైన్ మీద, నా రోట్లోని బొప్పాయి మీద! ప్రపంచంలో ఏ ప్రొటియేజు గురించి రాసినా ఇవాళ్టికీ ఆ లెక్కే వాడతారు.

రెండో మెట్టు, తెలిసిన కోతలన్నీ పోగుచెయ్యడం. ఇంగ్లండులో 1996లో మొదలైన మెరాప్స్ అనే భాండాగారంలో ప్రపంచంలోని ప్రొటియేజుల వివరాలు, అవి ఎక్కడ కోశాయో ఆ చోట్లు చేర్చిపెడుతూ వచ్చారు. ఒక ప్రొటియేజుకు తెలిసిన కోతలన్నీ తీసుకుని, కోత గీత ఒకే వరసలో వచ్చేట్టు ఒకదాని కింద ఒకటి రాస్తారు. తర్వాత నిలువు వరసలు చూస్తారు. గీతకు ఎడమవైపు మొదటి వరసలో ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చింది, రెండో వరసలో ఏది వచ్చింది, ఇలా. ఎక్కువగా వచ్చినదానికి ఎక్కువ మార్కులు, ఎన్నడూ రానిదానికి కోత. ఇక కొత్త ప్రొటీను వచ్చినప్పుడు ప్రతి అతుకు దగ్గరా ఆగి, చుట్టూ ఉన్న అక్షరాల మార్కులు కూడుతుంది కంప్యూటరు. మొత్తం ఒక గీటు దాటితే "ఇక్కడ కోయవచ్చు" అంటుంది.

"అంటే జాతకాల పొంతన లాంటిదే" అన్నాను. ముప్ఫై ఆరు గుణాల్లో ఎన్ని కలిశాయని చూసి సంబంధం ఖాయం చెయ్యడం. మా అమ్మాయి నవ్వింది గాని కాదనలేదు. గుణాలు ముప్ఫై కలిసిన సంబంధాలు ఏమయ్యాయో మనందరికీ తెలుసు.

స్వీడన్‌లో గున్నార్ ఫాన్ హైనె 1986లో చేసింది ఇదే. ఆ చిరునామా చీటీ ఎక్కడ తెగుతుందో చెప్పే మార్కుల పట్టిక తయారుచేశాడు. కోతకు ఎడమవైపు మొదటి స్థానంలోనూ, మూడో స్థానంలోనూ చిన్న అమైనో ఆమ్లాలు ఉండాలన్నది అందులో ముఖ్యమైన సంగతి. నా కాగితంలో 24వ అక్షరం దగ్గరికి వెళ్ళి చూశాను. ఎ, ఎ, ఎ అని మూడు ఉన్నాయి. ఎ అంటే అలనిన్, చిన్నవాటిలో ఒకటి. సరిగ్గా సరిపోయింది! పరీక్షలో జవాబు కలిసిన పిల్లలా సంబరపడ్డానంటే నమ్మండి. 1997లో డెన్మార్కు వాళ్ళు ఇదే పనిని న్యూరల్ నెట్‌వర్కుతో చేసి సిగ్నల్‌పి అనే ప్రోగ్రాము ప్రకటించారు. విడివిడి మార్కులు కూడడమే గాక ఏ అక్షరం పక్కన ఏది ఉంటే ఎలా ఉంటుందో కూడా ఇలాంటివి నేర్చుకోగలవు.

ఇప్పుడు పొరపాట్ల సంగతి. తెలుగు నేర్చుకునే ఒక ప్రోగ్రాముకు కరివేపాకు, మునగాకు, తమలపాకు అన్న మాటలిచ్చి, చివర "ఆకు" ఉంటే అక్కడ విడదీయమని నేర్పామనుకోండి. గోంగూర దుకాణం దాకా బాగానే పనిచేస్తుంది. తర్వాత దానికి "చాకు" ఎదురవుతుంది, "బాకు" ఎదురవుతుంది. రెండింటినీ కోసి అవతల పారేస్తుంది. అలాగని నియమం బిగిస్తే నిజమైన ఆకులు కొన్ని జారిపోతాయి. గీటు ఎంత ఎత్తున పెట్టాలన్నది ఈ పనిలో రోజూ వచ్చే తగవేనట. ఇంకో ఇబ్బంది కూడా చెప్పింది మా అమ్మాయి. కోసిన చోట్లు పత్రికలకెక్కుతాయి, కొయ్యని చోట్లు ఎవరూ పనిగట్టుకుని రాయరు. ప్రోగ్రాముకు "కాదు" అన్న పాఠం సరిగ్గా దొరకదు. కోసినట్టు ఇంకా ఎవరూ చూడని చోటును కొయ్యని చోటని లెక్కవేస్తే అదే ఒక తప్పు.

అక్షరాలే చాలవు కూడా. ఎయిడ్స్ వైరస్ ప్రొటియేజు తన పొడుగాటి గొలుసులను సుమారు పది చోట్ల కోస్తుంది. ఆ చోట్లు అక్షరాల్లో ఒకదాన్నొకటి పోలవు. కోతకు ఇరుపక్కలా నాలుగేసి అక్షరాలు తీసుకుంటే ఎనిమిది స్థానాలు, ఒక్కోదానికి ఇరవై అవకాశాలు, మొత్తం 2,560 కోట్ల మాటలు. ప్రయోగశాలలో అన్నీ చేసి చూడడానికి ఎవరి ఆయుష్షూ చాలదు. అందుకే 1990ల నుంచి దీని మీద లెక్కల వాళ్ళు పడ్డారు. ఆ కత్తెర నోటికి అడ్డం పెట్టే మొదటి మందు సక్వినవిర్‌కు అమెరికాలో 1995 డిసెంబరులో అనుమతి వచ్చింది. ఎయిడ్స్ చరిత్ర అక్కడ మలుపు తిరిగింది. అది వేరే వ్యాసం.

బహుళానికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ మళ్ళీ చక్కెర జబ్బులోనే దొరికింది. ప్రోగ్లూకగాన్ అనే గొలుసు ఒకటుంది. క్లోమంలో ఒక కత్తెర దాన్ని కోస్తే గ్లూకగాన్ వస్తుంది, అది నెత్తురులో చక్కెర పెంచుతుంది. అదే గొలుసును పేగుల్లో ఇంకో కత్తెర వేరేచోట్ల కోస్తే జిఎల్‌పి-1 వస్తుంది, అది చక్కెర దించడానికి సాయపడుతుంది. అక్షరాలు అవే, అర్థం తిరగబడింది. ఏ అవయవంలో ఏ కత్తెర ఉందో తెలియని ప్రోగ్రాము ఇక్కడ సగం జవాబే చెబుతుంది.

ఆ జిఎల్‌పి-1 కూడా ఎక్కువసేపు బతకదు. డిపిపి-4 అనే మరో ప్రొటియేజు దాని మొదటి రెండక్షరాలను రెండు మూడు నిమిషాల్లో కత్తిరించేస్తుంది. మీ ఇంట్లో చక్కెర మాత్రల డబ్బా ఉంటే ఒకసారి పేరు చూడండి. చివర "గ్లిప్టిన్" అని ఉంటే ఆ మాత్ర చేసే పని ఆ కత్తెరను ఆపడమే. ఈమధ్య అందరి నోటా వినిపిస్తున్న వారానికో సూది, సెమాగ్లుటైడ్, వేరే దారి తొక్కింది. కోత పడే చోట రెండో అక్షరమైన అలనిన్‌ను తీసి, దాన్నే పోలిన వేరొక అమైనో ఆమ్లం పెట్టారు. కత్తెరకు పట్టు దొరకదు. దానికి ఇంకొన్ని మార్పులు కలిపాక నిమిషాల్లో పోయే మందు వారం రోజులు నిలుస్తోంది. ఎక్కడ తెగుతుందో తెలిస్తే తెగకుండా చేయడమూ తెలుస్తుందన్నమాట.

మన ఊరి సంగతి ఇంకొకటి. వైట్‌ఫీల్డ్ టెక్ పార్కులో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బయోఇన్ఫర్మాటిక్స్ అని 2002లో అఖిలేష్ పాండే స్థాపించిన సంస్థ ఉంది. వాళ్ళూ, అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ వాళ్ళూ మరికొందరితో కలిసి 2014 మే నెలలో నేచర్ పత్రికలో మనిషి ప్రొటీనుల చిత్తుపటం ప్రకటించారు. ముప్ఫై రకాల కణజాలాల నుంచి ప్రొటీనులు తీసి, ట్రిప్సిన్‌తో కోసి, ఆ ముక్కలను యంత్రంలో తూచారు. కంప్యూటరు ఏం చేసిందంటే, నేను పెన్సిలుతో చేసిన పనే. తెలిసిన ప్రతి ప్రొటీనునూ ముందుగా ట్రిప్సిన్ నియమంతో తెర మీద కోసి, ఏ ముక్క ఎంత తూగాలో లెక్కకట్టి ఉంచింది. అసలు కత్తెర అప్పుడప్పుడు ఒకటి రెండు చోట్లు వదిలేస్తుంది గనుక దానికీ సందు ఉంచుతారు. తూకాలు పోల్చి చూసి 17,294 జన్యువుల తాలూకు ప్రొటీనులను గుర్తించారు. రచయితల పట్టికలో మన తెలుగు ఇంటిపేర్లు చూసి సంతోషించాను. ఆ గుర్తింపుల్లో కొన్ని గట్టిగా లేవని తర్వాత ఇతర శాస్త్రజ్ఞులు వాదించారు కూడా. అలా వాదించుకోవడం మంచిదేనని నా ఉద్దేశం.

మా ఇంటికి దగ్గర్లోనే సైన్స్ ఇన్‌స్టిట్యూట్. ప్రొటీను గొలుసు ఏ ఏ కోణాల్లో మెలి తిరగగలదో 1963లో లెక్కగట్టి చూపిన జి.ఎన్. రామచంద్రన్ 1971లో అక్కడ మాలిక్యులర్ బయోఫిజిక్స్ విభాగం నెలకొల్పారు. ఆ రోడ్డున నడుస్తూ మా అమ్మాయి చెప్పింది: కాగితం మీద అక్షరాలు బారుగా ఉంటాయి, ఒంట్లో అవి ఉండలా చుట్టుకుని ఉంటాయి. ఎంత చక్కని కోత గుర్తయినా ఉండ లోపల దాక్కుంటే కత్తెరకు అందదు. కోతకు ఆ చోటు పైకి తేలి కాస్త సాగి ఉండాలి. అక్షరాలను బట్టి ఆకారం చెప్పే విద్యకు 2024లో నోబెల్ బహుమతి వచ్చింది గనుక ఇప్పటి ప్రోగ్రాములు ఆకారాన్నీ కలుపుకుని లెక్కవేస్తున్నాయి. అయినా చివరికి ఎవరో ఒకరు గొట్టంలో ప్రొటీనూ ఎంజైమూ కలిపి చూడవలసిందే. "నా ప్రోగ్రాము చెప్పేది 'ఇక్కడ వెతకండి' అని మాత్రమే అమ్మా. 'ఇక్కడే ఉంది' అని కాదు" అంది.

నాకు మా తమ్ముడి పద్నాలుగు నెలలు గుర్తొచ్చాయి. వయసుకు ఇన్ని మార్కులు, బొజ్జకు ఇన్ని, నాన్నకు ఉండేది గనుక ఇన్ని. అన్నీ కూడి గీటు దాటిందని ఖాయం చేసేశాం. లెక్కలో తప్పు లేదు. ఆ 31 అక్షరాల ముక్కను ఎవరూ వెతకలేదు, అంతే.

వాడు ఊరికి వెళ్ళే ముందు ఆదివారం అందరం కలిసి భోంచేశాం. బొప్పాయి వేసిన మాంసం కూర బాగా మెత్తబడింది. వాడు లోపలి గదికి వెళ్ళి సూది వేసుకుని వచ్చి కూర్చున్నాడు. తిన్న తర్వాత నా పెన్సిలు కాగితం అడిగి తీసుకుని, "ఆరు గీతలు నాకెందుకు గాని, ఆ రెండూ యాడుండాయో చూపించు" అన్నాడు. మా అమ్మాయి ఎర్రరంగు పెన్నుతో చుట్టింది. నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

మూడు నెలల్లో పోయిన బరువు చాలావరకు తిరిగొచ్చింది. ఈ ఉగాది నాడు రెండు ఓళిగలు తిన్నానని వాడే ఫోను చేసి చెప్పాడు. ఎంత ఇన్సులిన్ వేసుకున్నాడో కూడా చెప్పాడు. నేనేమీ అడగలేదు.